అయిదో బీరువా

మా పేట లైబ్రరీలో తొమ్మిది బీరువాలున్నాయి. అందులో మూడు తెరుచుకుంటాయి. ఇరవై ఎనిమిదేళ్లు ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూసి ఇంట్లో కూచున్నదాన్ని. ఎక్కడికెళ్లినా ఉన్నవెన్ని, పనికొచ్చేవెన్ని అని లెక్క వేసుకునే జబ్బు నన్ను వదల్లేదు.

ఆ గడప మళ్లీ తొక్కడానికి కారణం మా అన్నయ్య కొడుకు. వాడు గ్రూప్-2కి ప్రిపేరవుతున్నాడు. వాళ్లింట్లో చోటు చాలక మధ్యాహ్నాలు మా ఇంటికొస్తాడు. ఒకరోజు వంటింటి గుమ్మంలో కూచుని బిట్లు వల్లె వేస్తున్నాడు. "మాలపల్లి నవల, ఉన్నవ లక్ష్మీనారాయణ, 1922, రాయవెల్లూరు జైల్లో రాశారు, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది."

"ఎందుకు నిషేధించారురా?" అన్నాను, పకోడీల పిండి కలుపుతూ.

"అది బిట్‌లో లేదత్తా."

నవ్వొచ్చింది. పకోడీలు వేగేలోపు ఆ నవ్వు పోయింది. ఈ పుస్తకం వీడికి నిషేధమైన పుస్తకంగానే తెలుసు. చదవదగిన పుస్తకంగా తెలీదు. "చూశావా ఎప్పుడైనా?" అంటే, "ఎక్కడ దొరుకుతాదత్తా?" అన్నాడు.

మరెక్కడ దొరక్కపోయినా మన ఊళ్లో దొరకాలి. ఆ పుస్తకానికీ విశాఖపట్నానికీ ఒక లెక్క ఉంది. అచ్చయిన కొద్దికాలానికే దాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. మాలపల్లి జనం కథానాయకులైన నవల, పైగా సహాయ నిరాకరణ రోజులు, దొరలకి నచ్చేదేముంది? శాసనసభలో గొడవ చేసి నిషేధం ఎత్తించారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయం దాన్ని తెలుగు పాఠ్యపుస్తకంగా పెట్టింది. 1936లో ప్రభుత్వానికి మళ్లీ కోపం వచ్చింది. పాఠ్యప్రణాళికలోంచి తీయించి మళ్లీ నిషేధించింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక గానీ అది బయటపడలేదు. అంటే ఈ వాల్తేరు మెట్ట మీద క్లాసురూములోకి వచ్చిన పుస్తకాన్ని క్లాసురూములోంచే లాక్కెళ్లారన్నమాట. అంత కథ ఉన్న పుస్తకం మా పేట లైబ్రరీలో ఉండదా అని నాకు ధీమా.

మొదటిసారి శుక్రవారం సెలవని మర్చిపోయి వెళ్లి వెనక్కొచ్చాను. రెండోసారి సాయంత్రం వెళ్లాను. ముందు హాలు నిండుగా ఉంది. కుర్రాళ్లూ ఆడపిల్లలూ, అందరి ముందూ వాళ్ల సొంత మెటీరియల్, జిరాక్సు కట్టలు, వాటర్ బాటిళ్లు. ఉన్న రెండు ప్లగ్గుల దగ్గర ఆరు ఫోన్లు. ఒక మూల ముగ్గురు పెద్దాయనలు పేపర్లు పంచుకుంటున్నారు, స్పోర్ట్స్ పేజీ ఒకరికి, సినిమా పేజీ ఒకరికి. ఆడవాళ్లకని రాసిపెట్టిన బల్ల మీద పాత పేపర్ల కట్టలు నా భుజం ఎత్తున ఉన్నాయి. లైబ్రరీ పుస్తకం చేతిలో ఉన్న మనిషి ఒక్కరూ కనపడలేదు.

"ఏటి కావాలమ్మా?" అన్నాడు లైబ్రేరియన్. ముప్పై లోపు కుర్రాడు. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, రెండు లైబ్రరీలు చూస్తాడు.

పుస్తకం పేరు చెప్పాను. రిజిస్టర్ తీశాడు, వేలితో గీసుకుంటూ వెళ్లి ఆగాడు. "ఉందమ్మా. అయిదో బీరువా." ఇద్దరం లేచి వెళ్లాం. బీరువా ముందు నిలబడి తాళం కప్పని ఒకసారి పట్టుకుని వదిలేశాడు.

"తాళంచెవి నా దగ్గర లేదమ్మా. నేను జాయినైనప్పట్నుంచీ ఇది ఇలాగే ఉంది."

"నీ ముందు వాళ్ల దగ్గర?"

"వాళ్లొచ్చినప్పుడూ ఇలాగే ఉందట."

ఆ లైబ్రరీ పేరు నేను రాయను. అడిగినా చెప్పను. ఆ అబ్బాయి తప్పు ఇసుమంత లేదు, ఆ ఒక్క లైబ్రరీ తప్పూ కాదు. మీ పేటకెళ్లి చూసుకోండి.

ఇంటికొచ్చేటప్పుడు దారంతా నా బుర్రలో ఒకటే లెక్క. బ్రిటిష్ వాడికి ఈ పుస్తకాన్ని ఆపడానికి ఒక ప్రభుత్వం, ఒక ఉత్తర్వు, దాన్ని అమలు చేసే పోలీసులు కావాల్సొచ్చాయి. మనకి ఒక తాళంకప్ప సరిపోయింది.

ఇది మాటవరసకి అంటున్నది కాదు. మన దేశంలో పుస్తకాన్ని నిషేధించడానికి ఒక పద్ధతి ఉంది. మొన్నటిదాకా సీఆర్‌పీసీ అనే నేర విచారణ చట్టంలో 95వ సెక్షన్, 2024 జులై నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 98వ సెక్షన్. రాష్ట్ర ప్రభుత్వం ఒక పుస్తకాన్ని జప్తు చెయ్యాలంటే నోటిఫికేషన్ ఇవ్వాలి, అందులో ఎందుకో కారణాలు రాయాలి. దాని మీద రెండు నెలల్లోగా హైకోర్టుకి వెళ్లొచ్చు. ముగ్గురు జడ్జిల స్పెషల్ బెంచి వినాలి. కారణాలు బాగాలేవనుకుంటే కొట్టేస్తుంది. ఈ పద్ధతిని ప్రభుత్వాలు ఎలా వాడతాయన్నది వేరే బాధ. 2025 ఆగస్టులో జమ్మూ కశ్మీర్‌లో ఒక్క దెబ్బకి 25 పుస్తకాలు జప్తయ్యాయి. అది చిన్న విషయమని నేననను. కానీ అక్కడ కనీసం ఒక కాగితం ఉంది. దాని మీద సంతకం ఉంది. ఎవరితో పోట్లాడాలో తెలుసు.

అయిదో బీరువా విషయంలో ఎవరితో పోట్లాడను? కారణాలు ఎక్కడ రాశారు? అప్పీలుకి గడువెంత?

కాగితం ఉంటే ఎంత ఆలస్యంగానైనా పని జరుగుతుందనడానికి ఒక పాత సంగతి చెప్తాను. తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని అనే ఆవిడ 18వ శతాబ్దంలో 'రాధికా సాంత్వనము' రాసింది. వేశ్యాకులంలో పుట్టినావిడ, శృంగారాన్ని ఆడదాని వైపునుంచి రాసింది. బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని వెతికి పట్టుకుని 1910లో వావిళ్ల వారి ద్వారా అచ్చు వేయించింది. అది అశ్లీలమని గోల లేచింది. తప్పుపట్టినవాళ్లలో కందుకూరి వీరేశలింగం కూడా ఉన్నారు. ఈ ఒక్క విషయంలో నేనాయన్ని క్షమించలేను, వితంతు వివాహాలు చేయించిన మనిషి ఇలా మాట్లాడటమేమిటని ఇప్పటికీ మనసు మెలిపెడుతుంది. ప్రభుత్వం నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం హయాంలో గానీ ఆ నిషేధం పోలేదు. ముప్పై ఏళ్లు పైనే పట్టింది. పట్టినా, ఎత్తేయమని అడగడానికి ఒక ఉత్తర్వుంది, ఎత్తేయడానికి ఒక అధికారి ఉన్నాడు.

ఇక కాగితమే పోతే ఏమవుతుందో కూడా చూశాం. సల్మాన్ రష్దీ నవల దిగుమతిని ఆపుతూ 1988 అక్టోబరు 5న కస్టమ్స్ నోటిఫికేషన్ వచ్చిందని అందరికీ తెలుసు. దాన్ని సవాలు చేసిన కేసు ఢిల్లీ హైకోర్టులో నడుస్తుంటే, ఆ నోటిఫికేషన్ కాపీ చూపించమంటే ఏ శాఖ దగ్గరా దొరకలేదు. అలాంటిది లేనట్టే భావించాల్సొస్తుందని 2024 నవంబరులో కోర్టు చెప్పింది. ముప్పై ఆరేళ్లు ఒక దేశం దేశమంతా ఆ కాగితానికి భయపడింది. తీరా చూస్తే కాగితం లేదు. మా లైబ్రరీ తాళంచెవి గుర్తొచ్చి ఆ వార్త రెండుసార్లు చదువుకున్నాను.

అమెరికాలో 1982 నుంచి ఏటా నిషిద్ధ పుస్తకాల వారం జరుపుతారు. ఫలానా పుస్తకాన్ని స్కూలు లైబ్రరీలోంచి తీసెయ్యమని తల్లిదండ్రులో సంఘాలో అర్జీలు పెట్టడం, లైబ్రేరియన్లు అడ్డం నిలబడటం అక్కడ పెద్ద రగడ. చదువుకునే స్వేచ్ఛ మీద అక్కడి లైబ్రరీ సంఘం, ప్రచురణకర్తలు కలిసి 1953లోనే ఒక ప్రకటన చేశారు. వాళ్ల బాధ వాళ్లది గానీ, నాకు మాత్రం కొంచెం అసూయగానే ఉంటుంది. ఒక పుస్తకం తీసెయ్యమని అర్జీ పెట్టాలంటే ముందు అది ఎవరి కంటికైనా కనపడాలి కదా. మా అయిదో బీరువా మీద ఈ జన్మలో ఎవరూ అర్జీ పెట్టరు.

*

మరి బీరువాలకి తాళాలెందుకు? నేను బద్ధకమనుకున్నాను. కాదు. రెండు మూడుసార్లు వెళ్లాక ఆ అబ్బాయి మనసు విప్పాడు. "పుస్తకం పోతే స్టాక్ వెరిఫికేషన్‌లో నా మీదికే వస్తాదమ్మా. జీతమే మూడు నెల్లకోసారి. తెరిచి పెట్టి ఎవడు చిక్కులో పడతాడు?"

ఇక్కడుంది అసలు మెలిక. పుస్తకం పోతే శిక్ష ఉంది, పుస్తకం ఎవరూ చదవకపోతే శిక్ష లేదు. అలాంటప్పుడు తెలివైనవాడు ఎవడైనా తాళమే వేస్తాడు. నేనైనా వేస్తాను. అకౌంట్స్ మనిషిని కాబట్టి చెప్తున్నాను, కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల లైబ్రరీలకి దీని మీద ఒక రూలుంది. 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో, ఏడాదిలో వెయ్యి పుస్తకాలు జనం చేతుల్లోకి వెళ్తే అయిదు పోవడం సహజమని ఒప్పుకున్నారు. మోసమో నిర్లక్ష్యమో ఉంటే తప్ప, వెయ్యి రూపాయలు దాటినదో అరుదైనదో పోతే తప్ప ఎవర్నీ పట్టుకోనక్కర్లేదు. ఇంత చిన్న వాక్యం. దాన్ని పేట పేట లైబ్రేరియన్‌కీ ధైర్యంగా వర్తింపజేస్తే ఈ ఊళ్లో ఎన్ని తాళాలు ఊడతాయో.

లైబ్రరీ శాస్త్రానికి మన దేశంలో పెద్దాయన ఎస్.ఆర్. రంగనాథన్. ఆయన 1931లో అయిదు సూత్రాలు రాస్తే, అందులో మొట్టమొదటిది పుస్తకాలు వాడుకోవడానికే అని. ఇది చెప్పడానికి ఒక శాస్త్రవేత్త కావాలా అనిపిస్తుంది చదివినప్పుడు. అయిదో బీరువా ముందు నిలబడితే అనిపించదు.

పోనీ డబ్బుల్లేవా అంటే, అదీ నమ్మను. మీ ఇంటి పన్ను నోటీసు తీసి చూడండి. లైబ్రరీ సెస్ అని ఒక గడి ఉంటుంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం వసూలు చేసేది, ఇప్పుడు ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు. మూడు వేల పన్ను మీద 240 రూపాయలు. అద్దెకున్నవాళ్లు కూడా అద్దె రూపంలో దాన్ని కడుతున్నట్టే. ఇది మున్సిపాలిటీ సొమ్ము కాదు. వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి అందించడం వరకే దాని పని, పోస్ట్‌మ్యాన్‌లాగా. అలా వసూలైన సెస్ స్థానిక సంస్థల దగ్గరే బకాయిపడి ఉండటం రాష్ట్రంలో ఏ జిల్లా పేపర్లోనైనా తరచూ కనపడే వార్తే. మా కంపెనీలో ఒకరి పేరు మీద వసూలు చేసింది ఇంకో ఖాతాలో ఉంచితే ఆడిటర్ నా పీక పట్టుకునేవాడు.

నేను ఈ గడిని పాతికేళ్లుగా కడుతూ, లైబ్రరీ కార్డు లేకుండా బతికాను. గ్యాస్ బండకి డబ్బులు కట్టి బండ తెచ్చుకోనట్టు.

*

మన ఊరి చరిత్ర చూస్తే ఇంకా సిగ్గేస్తుంది. 1886లోనే ఇక్కడ మంత్రిప్రగడ సాంబశివరావు 'సరస్వతీ నిలయం' అని లైబ్రరీ పెట్టారు. ఆంధ్రదేశంలో తొలి గ్రంథాలయాల గురించి రాసేవాళ్లు చాలామంది దాంతోనే మొదలుపెడతారు. బెజవాడలో మొదటి గ్రంథాలయ మహాసభ జరిగింది 1914లో, అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో. అంటే మనం దానికి ఇరవై ఎనిమిదేళ్లు ముందున్నాం. యూనివర్సిటీ లైబ్రరీని ఏళ్ల తరబడి నడిపింది కవి అబ్బూరి రామకృష్ణారావు. గ్రంథాలయ శాస్త్రంలో కోర్సు ఇక్కడ 1935లోనే మొదలైంది. అదే ఏడు కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణం కాలవ మీద పడవలో లైబ్రరీ నడిపారు, పుస్తకం మనిషి దగ్గరికి వెళ్లాలని. పడవకి బీరువా ఉండే ఉంటుంది. తాళం ఉందో లేదో గానీ పడవైతే కదిలింది.

వీళ్లందరిలోకీ నాకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు మీద గురి. 1908లో పత్రికలో రాసినదానికి రాజద్రోహం కింద మూడేళ్లు జైల్లో వేశారు. మాట మీద పడిన దెబ్బ ఒంటి మీద తగిలిన మనిషి. ఆయన తర్వాత జీవితంలో పెద్ద భాగం గ్రంథాలయోద్యమానికీ వయోజన విద్యకీ ఇచ్చేశారు. నాకు ఇందులో ఆశ్చర్యం కనపడదు. రాసే స్వేచ్ఛ కోసం జైలుకెళ్లినవాడికి, చదివేవాడు లేకపోతే ఆ స్వేచ్ఛ ఎందుకూ కొరగాదని అందరికన్నా ముందు తెలుస్తుంది.

*

ఇప్పుడు నా సంగతి. ఇది రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను.

మా నాన్న వాల్తేరు లోకోషెడ్డులో ఫిట్టరు. నూనె మరకల చేతులు కిరసనాయిల్‌తో కడుక్కుని, మళ్లీ సబ్బుతో కడుక్కుని, అప్పుడు పుస్తకం ముట్టుకునేవాడు. 1974 మేలో రైల్వే సమ్మె జరిగినప్పుడు ఆయన సమ్మెలో ఉన్నాడు. నాకప్పుడు రెండేళ్లు. మరుసటేడు ఎమర్జెన్సీ వచ్చింది. మన ఊరి లాయరు, రచయిత రావిశాస్త్రినే జైల్లో పెట్టారని తెలిశాక అమ్మకి నిద్ర పట్టలేదట. అంత పెద్ద లాయర్నే వదలనివాళ్లు ఫిట్టర్ని వదులుతారా అని. నాన్న డ్యూటీకి వెళ్లినప్పుడు ఆయన పుస్తకాల్లో కొన్నిటిని ఏరి, గుడ్డలో మూటగట్టి, బియ్యం డ్రమ్ము అడుగున పెట్టి పైన బియ్యం పోసింది. అమ్మకి చదువు రాదు. అట్ట రంగు చూసి ఏరింది. ఎర్రట్టలన్నీ డ్రమ్ములోకి వెళ్లాయి. అందులో ఒకటి సోవియట్ వాళ్లు తెలుగులో వేసిన పిల్లల బొమ్మల పుస్తకమని తర్వాతెప్పుడో తెలిసి ఇద్దరూ నవ్వుకున్నారట. దాదాపు రెండేళ్లు ఆ డ్రమ్ములో బియ్యమే తిన్నాం. అన్నం కాగితం వాసనొచ్చేదని అన్నయ్య ఇప్పటికీ అంటాడు. ఏ పోలీసూ మా ఇంటికి రాలేదు. ఆ సంగతి చెప్పినప్పుడల్లా అమ్మ మొహంలో, రాలేదన్న సంతోషం కన్నా, రాకపోయినా భయపడ్డానన్న చిన్నతనం కనపడేది.

నాన్న 2013లో పోయాడు. మరుసటేడు అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను. మా పెంకుటింటి కప్పు సగం ఎగిరిపోయింది. ఆయన పుస్తకాల చెక్కబీరువా నిలువునా తడిసింది. కరెంటు లేదు, నీళ్లు లేవు, ఊళ్లో చెట్టన్నది లేదు. నేనూ అన్నయ్యా పక్కింటి డాబా మీద పుస్తకాలన్నీ బట్టలారేసే క్లిప్పులు పెట్టి ఆరబెట్టాం. నూట నలభై తేలాయి. ఇంట్లో పెట్టుకునే చోటు లేదు. నాన్న పేరు మీద లైబ్రరీకి ఇద్దామనుకున్నాం.

జాబితా నేనే రాశాను. రాస్తూ రాస్తూ నాలుగు పుస్తకాలు పక్కన పెట్టాను. ఒకటి సమ్మె మీద కరపత్రాలన్నీ కుట్టించిన బైండు. ఒకటి దేవుడు లేడని వాదించేది. ఒకటి పురాణాన్ని చీల్చి చెండాడేది, ఇప్పటి రోజుల్లో కులాల గొడవ అవుతుందనిపించింది. నాలుగోది బొమ్మలున్న కామశాస్త్రం. నాన్న అది ఎప్పుడు కొన్నాడో, దాని మధ్యలో జీతం స్లిప్పు కూడా ఉంది. అన్నయ్యకి చెప్పలేదు. నూట ముప్పై ఆరు ఇచ్చి రసీదు తెచ్చుకున్నాను.

నన్ను ఎవరూ ఏరమనలేదు. ఎవరూ బెదిరించలేదు. నోటీసు లేదు, ఎమర్జెన్సీ లేదు. అమ్మకి కనీసం జైళ్లు నిండుతున్నాయన్న కారణం ఉంది, చదువురాని అమ్మ అట్టలు చూసి ఏరింది. నేను బీకాం చదివి, లోపల చదివి మరీ ఏరాను. "ఎవరేమనుకుంటారో" అన్న మూడు ముక్కల మీద. ఆ ఎవరో ఎవరు? ఇప్పటికీ నాకు తెలీదు. అయిదో బీరువా తాళం ఎవరు వేశారో తెలీనట్టే.

కాబట్టి ఈ వ్యాసంలో నేను ఎవరి మీదైనా వేలెత్తి చూపిస్తే, మొదటిది నా మీదే అని లెక్కలో రాసుకోండి.

*

నేను చెప్పేది విని మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ అంది, "అన్ని పుస్తకాలూ తెరిచి పెడితే పిల్లలు చెడిపోరా అక్కా?" మంచి ప్రశ్నే. నాకూ కూతురుంది, ఆ భయం నాకూ తెలుసు. నీ పిల్ల ఏం చదవాలో నువ్వు చెప్పుకో, నేనడ్డు రాను. కానీ నీ పిల్ల చదవకూడదని ఎదురింటి ముసలాయనా, పై ఫ్లోరు నర్సమ్మా కూడా చదవకూడదంటే ఎలా? తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ కేసులో 2016లో మద్రాసు హైకోర్టు చెప్పింది ఇంచుమించు ఇదే. నచ్చకపోతే చదవకు, పక్కన పడెయ్. రాసినవాణ్ని రాయనియ్యి. పైగా ఆ పిల్ల చేతిలో ఫోనుంది. అందులో ఏముందో తెలిసిన తల్లి లైబ్రరీ బీరువాకి భయపడుతుందంటే నేను నమ్మను.

ఆ ఫోను దగ్గరికే వస్తాను. మా వాడు నేను లైబ్రరీ నుంచి ఒట్టి చేతుల్తో వచ్చిన రోజే, "అత్తా, పీడీఎఫ్ దొరికింది" అన్నాడు. రెండు నిమిషాలు పట్టలేదు. ఉన్నవ పోయింది 1958లో, కాపీరైటు అరవై ఏళ్లూ దాటిపోయాయి కాబట్టి అది తప్పు కూడా కాదు. ఒప్పుకుంటున్నాను, నా వాదన అక్కడ కుంటుతుంది. వెతికేవాడికి ఫోను చాలు.

కానీ వాడు వెతికింది పేరు తెలిసి. ఆ పేరు బిట్‌లో రాకపోతే? ఫోను మనమడిగింది ఇస్తుంది, లేదా నిన్న చూసినదాని లాంటిది ఇంకొకటి ఇస్తుంది. ర్యాకు అలా కాదు. ఒకటి కోసం చెయ్యి పెడితే పక్కది తగులుతుంది. నేను పదో క్లాసులో కుట్టుపని పుస్తకం కోసం వెళ్లి, ఎవరో తప్పు చోట పెట్టిన కథల పుస్తకం తెచ్చుకున్నాను. నా చదువంతా ఆ పొరపాటు మీద నిలబడింది. పీడీఎఫ్ సంగతంటారా, మా వాడు తొమ్మిది పేజీలు చదివి, కళ్లు లాగుతున్నాయని ఆపేశాడు. ఆ తొమ్మిదికే వాడికి, ఎందుకు నిషేధించారన్నదానికి సగం జవాబు దొరికిందట.

హాల్లో కూచునే ఆ కుర్రాళ్ల మీద కూడా నాకు కోపం లేదు. పది మందికి ఒక గది ఉన్న ఇళ్లలోంచి వచ్చే పిల్లలు. ఫ్యానూ కుర్చీ నిశ్శబ్దమూ ఉచితంగా దొరికే చోటు ఈ ఊళ్లో ఇంకోటి చెప్పండి, బీచ్‌కి తప్ప, అక్కడ ఫ్యాను అక్కర్లేదు. కానీ వాళ్ల వీపు వెనకాల మూడడుగుల దూరంలో, వాళ్లు బట్టీ కొడుతున్న పుస్తకాలే తాళంలో ఉన్నాయి. రచయిత పేరు, సంవత్సరం, నిషేధం అని ముగ్గురు నలుగురు గొణుగుతుంటే ఆ పుస్తకం వాళ్ల వెనకే ఊపిరాడక పడుంది. ఇది తలుచుకుంటే నాకు రాత్రి టెన్షన్ వస్తుంది, నిజంగా.

*

ఏం చేశానో చెప్తాను, పెద్దగా ఏం లేదు. డిపాజిట్ కట్టి, ఆధార్ జిరాక్స్ ఇచ్చి కార్డు తీసుకున్నాను. సూచనల పుస్తకం ఉందా అంటే సొరుగులోంచి తీసి దుమ్ము దులిపి ఇచ్చాడు. చివరి సూచన ఫ్యాన్ గురించి. దాని కింద నేను మూడు రాశాను. అయిదో బీరువా తెరవాలి. ఆడవాళ్ల బల్ల మీద పేపర్లు తీసెయ్యాలి. అన్ని పక్షాల పేపర్లూ బల్ల మీద ఉండాలి, ఏ ఒక్క రంగూ కాదు. మా వాడి స్నేహితుల చేత సంతకాలు పెట్టించాను. గ్రూప్-2 పిల్లలు కదా, అర్జీ భాష నాకన్నా బాగా వచ్చు.

పేపర్లు వారంలో తీసేశారు. బీరువాకి నెలన్నర పట్టింది. పై ఆఫీసు నుంచి, కమిటీ సమక్షంలో తెరవొచ్చని మాట వచ్చింది. కమిటీ అంటే లైబ్రేరియను, పేపర్ల పెద్దాయనల్లో ఒకాయన, నేను. పూర్ణా మార్కెట్ నుంచి తాళాలు బాగుచేసే అతన్ని తీసుకొచ్చాం. అయిదు నిమిషాల పని, రెండొందల యాభై అడిగాడు. ఏ పద్దు కింద రాయాలో తెలీక లైబ్రేరియన్ నా వైపు చూశాడు. నేను సగం, ఆ పెద్దాయన సగం వేసుకున్నాం.

తలుపు తీయగానే ముందు వాసన. కింది అరంతా చెదలు, అది పుస్తకాలుగా చెప్పుకోవడానికి లేదు. పై మూడరలూ బాగానే ఉన్నాయి. 'మాలపల్లి' రెండో అరలో ఉంది, వీపు మీద నంబరు చీటీతో సహా. వెనకట్ట లోపల తేదీ చీటీ తీసి చూశాను. ఆఖరి ముద్ర 1997 ఫిబ్రవరి.

ఆ రోజు నా సంచిలో నాన్న నాలుగు పుస్తకాలు కూడా ఉన్నాయి. పదేళ్ల తర్వాత. బల్ల మీద పెట్టాను. ఆ అబ్బాయి ఏమంటాడో అని గుండె కొట్టుకుంది. అతను ఒక్కోటి తిప్పి చూసి, "బైండింగ్ గట్టిగా ఉందమ్మా, మంచిదే" అని, పేర్లు చదవకుండానే విరాళాల రిజిస్టర్లో ఎక్కించుకున్నాడు. కామశాస్త్రంలోంచి జీతం స్లిప్పు జారితే తీసి నా చేతికిచ్చాడు.

'మాలపల్లి' నా కార్డు మీద ఇష్యూ అయింది. స్టాంపు ప్యాడు ఎండిపోయి ముద్ర పడకపోతే పెన్నుతో తేదీ రాశాడు. సాయంత్రం మా వాడికిచ్చాను. అర్ధరాత్రి దాకా వాడి గదిలో లైటు వెలుగుతూనే ఉందని వదిన ఫోన్ చేసి చెప్పింది, పరీక్ష దగ్గరకొచ్చిందా అని అడిగింది. మూడో రోజు మధ్యాహ్నం వచ్చి పుస్తకం నా ఒళ్లో పడేశాడు.

"అత్తా, ఇది మొదటి భాగమే. రెండోది ఏదీ?"

వెళ్లి రిజిస్టర్ తీయించాను. రెండో భాగం ఏడో బీరువాలో ఉంది. దాని తాళం వేరట.